ఎన్ని కారణాలు చెప్పినా ఎదుటివాళ్ళు ఎందుకు మారరు?

మీ ప్రశ్నలో రెండు కథలున్నాయి. మొదటిది 58 ఏళ్ళ మీ నాన్నగారిది. సిగరెట్ మానమని లెక్కలు చూపించారు, పాడైపోయిన ఊపిరితిత్తుల ఫొటోలు చూపించారు, చివరికి ఆయన ముందు ఏడ్చారు కూడా. ఆయన ఇంకా మొండికేశారు. రెండోది మీ ఆఫీసు. కొత్త పద్ధతిలో రిపోర్టులు రాయమని మీ టీమ్‌కు గంటసేపు ప్రజెంటేషన్ ఇచ్చారు. అందరూ తలూపారు, ఎవరూ మొదలుపెట్టలేదు. బహుమతి ప్రకటించారు, "చాలామంది ఇంకా పాత పద్ధతిలోనే రాస్తున్నారు" అని మెయిల్ పెట్టారు, అయినా కదలిక లేదు. దీని వెనకున్న సైకాలజీ ఏమిటి, ఎవరినైనా ఒప్పించగల మాట ఏదైనా ఉందా అని అడిగారు.

అలాంటి మాట లేదు. ఉందని చెప్పేవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండండి. నేను 22 ఏళ్ళుగా పొగాకు, మద్యం మానాలనుకునేవాళ్ళకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. పదేళ్ళుగా ఆరోగ్య కార్యకర్తలకు, టీమ్ లీడర్లకు ఎదుటివాళ్ళతో మాట్లాడే తీరులో శిక్షణ ఇస్తున్నాను. ఇన్నేళ్ళలో నాకు గట్టిగా తెలిసొచ్చింది ఒకటే. మనిషి మన నోట విన్న కారణాలకన్నా, తన నోటితో తాను చెప్పుకున్న కారణాలకే ఎక్కువగా కదులుతాడు. ఒప్పించడం గురించిన సిద్ధాంతాలు చాలా ఉన్నాయి. వాటిలో మీకు పనికొచ్చేవాటిని ఈ ఒక్క విషయం చుట్టూ పేర్చి చెబుతాను. మీ నాన్నగారి సంగతి తొందరగా తేలాల్సింది కాబట్టి దానిమీద ఎక్కువసేపు ఆగుతాను.

మనందరం చేసే మొదటి పొరపాటు, "వాళ్ళకు తెలియదు కాబట్టి చేయడం లేదు, తెలిస్తే చేస్తారు" అనుకోవడం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్టు ఈ నమ్మకాన్నే పరీక్షించాడు. మాంసంలో మంచి భాగాలు సైన్యానికి పంపాల్సి రావడంతో, గుండె, మూత్రపిండాల లాంటి భాగాలను ఇళ్ళలో వండించాలని ప్రభుత్వం అనుకుంది. గృహిణులకు అవంటే ఏవగింపు. లెవిన్ కొన్ని బృందాలకు చక్కటి ఉపన్యాసం ఇప్పించాడు. పోషక విలువలు, దేశభక్తి, వండే విధానం అన్నీ అందులో ఉన్నాయి. మరికొన్ని బృందాల్లో మాత్రం, ఇలాంటి మార్పు ఇళ్ళలో ఎందుకు కష్టమవుతుందో గృహిణులనే మాట్లాడుకోనిచ్చి, చివర్లో "ప్రయత్నించాలనుకునేవాళ్ళు చేతులెత్తండి" అని అడిగించాడు. తర్వాత ఇంటింటా కనుక్కుంటే, అంతకుముందెప్పుడూ వండని భాగాన్ని వండినవాళ్ళు ఉపన్యాసం విన్నవాళ్ళలో 3 శాతం, మాట్లాడుకుని చేతులెత్తినవాళ్ళలో 32 శాతం.

రెండో బృందాల్లో చాలా సంగతులు ఒకేసారి జరిగాయి. వాళ్ళు మాట్లాడారు, తోటివాళ్ళ మాట విన్నారు, అందరి ముందు నిర్ణయం చెప్పారు. ఏది ఎంత పనిచేసిందో విడదీయడం కష్టం. అయినా ఉపన్యాసం ఒక్కటే చాలదన్నది మాత్రం తేటతెల్లం. మీ గంట ప్రజెంటేషన్‌కు జరిగిందీ ఇదే.

నాకు లెవిన్ దగ్గర ఇంతకన్నా విలువైనదిగా కనిపించే ఆలోచన ఇంకొకటుంది. మనిషి ప్రవర్తన ఎప్పుడూ రెండు రకాల శక్తుల మధ్య నిలబడి ఉంటుందంటాడు. ముందుకు తోసేవి కొన్ని, వెనక్కి పట్టి ఉంచేవి కొన్ని. మార్పు రావాలంటే తోపు పెంచవచ్చు, లేదా పట్టి ఉంచేవాటిని తగ్గించవచ్చు. తోపు పెంచితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, చిరాకు పెరుగుతుంది. పట్టు వదులు చేస్తే మనిషి తేలిగ్గా కదులుతాడు. ఫొటోలు, లెక్కలు, కన్నీళ్ళు అన్నీ తోపే. ఆయన్ను ఏది పట్టి ఉంచుతోందని మీరు ఎప్పుడైనా అడిగారా? పొద్దున్న సిగరెట్ లేకపోతే రోజంతా చిరాకుగా ఉంటుందనా? ఇంతకుముందోసారి మానాలని చూసి, మూడో రోజుకే ఓడిపోయిన సిగ్గా? స్నేహితులతో కూర్చునే ఆ కాసేపు పోతుందన్న బెంగా? మీరు రాసినదంతా చదివాను. ఆయన ఏమన్నారన్నది అందులో ఒక్క వాక్యం కూడా లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు పెద్దలు. మనం ప్రేమతో చెబుతున్నా ఆ లోకువ మాటలోకి వచ్చేస్తుంది, వినేవాళ్ళకు వెంటనే తగులుతుంది.

ఆ తగలడం గురించే జాక్ బ్రెమ్ అనే సైకాలజిస్టు 1966లో ఒక సిద్ధాంతం చెప్పాడు. దాన్ని రియాక్టెన్స్ అంటారు. మనకున్న స్వేచ్ఛను ఎవరో లాక్కుంటున్నారనిపిస్తే, దాన్ని తిరిగి దక్కించుకోవాలన్న తపన పుడుతుంది. వద్దన్న పని మీదే మనసు పోతుంది, చెప్పిన మనిషి మీద కోపం వస్తుంది. ఇందులో గమనించాల్సిందేమిటంటే, చెప్పిన మాట నిజమా కాదా అన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. నిజమని తెలిసి కూడా మనిషి ఎదురు తిరుగుతాడు. మీ నాన్నగారికి సిగరెట్ చెడ్డదని మీకన్నా బాగా తెలిసే ఉంటుంది. దగ్గు వచ్చేది ఆయనకే కదా.

వృత్తిలో మొదటి మూడేళ్ళు నేను చేసిన పని గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది. ఒకాయన తాగుడు మానాలని వాళ్ళావిడ తీసుకొచ్చింది. నేను ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన కాలేయం గురించి, పిల్లల గురించి, ఉద్యోగం గురించి వరసగా చెప్పుకుంటూ పోయాను. ప్రతిదానికీ ఆయన ఒక జవాబు చెప్పాడు. "నేను రోజూ తాగను." "నాకన్నా ఎక్కువ తాగేవాళ్ళున్నారు." "మా నాన్న తాగీ డెబ్బై అయిదేళ్ళు బతికాడు." గంట గడిచేసరికి నేను చేసిందేమిటో తెలుసా? తాగుడు ఎందుకు మానక్కర్లేదో ఆయన చేతే గంటసేపు వాదింపజేశాను. తలుపు దాటి వెళ్ళేటప్పటికి ఆయన తన తాగుడు వైపు ఇంకా గట్టిగా నిలబడ్డాడు. మళ్ళీ రాలేదు. ఆ తప్పు ఆయనది కాదు, నాది.

ఆ తర్వాతే విలియం మిల్లర్ పని నా కంటబడింది. మద్యం సమస్య ఉన్నవాళ్ళతో పనిచేసిన ఈ అమెరికన్ సైకాలజిస్టు 1983లో ఒక పద్ధతిని రాసి ప్రచురించాడు. తర్వాత స్టీఫెన్ రాల్నిక్‌తో కలిసి దాన్ని పెంచాడు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని దానికి పేరు. నార్వేలో యువ సైకాలజిస్టులకు తన తీరు చూపిస్తుంటే, వాళ్ళు మధ్యలో ఆపి, "ఇప్పుడీ ప్రశ్నే ఎందుకడిగారు? ఆయనన్న మిగతా మాటలు వదిలి ఈ మాటే ఎందుకు పట్టుకున్నారు?" అని అడిగేవారట. వాళ్ళకు జవాబు చెప్పుకుంటూ పోతేనే ఆ పద్ధతికి రూపం వచ్చింది.

దాని మూలం ఇది. ఏ దురలవాటు ఉన్న మనిషైనా లోపల రెండు మనసులతో ఉంటాడు. ఒకటి మానాలంటుంది, ఒకటి మానడం వద్దంటుంది. మనం "మానాలి" అన్న పక్షాన్ని తీసుకోగానే, మాటల్లో ఆయనకు మిగిలేది "వద్దు" పక్షమే. మన వాదన ఎంత గట్టిదైతే, ఆయన తన పక్షాన్ని అంత గట్టిగా పట్టుకుంటాడు. మద్యం సమస్యతో వచ్చినవాళ్ళ మీద మిల్లర్, ఆయన సహచరులు చేసి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, కౌన్సెలర్ ఎంత నిలదీసి మాట్లాడితే ఏడాది తర్వాత ఆ మనిషి అంత ఎక్కువ తాగుతున్నట్టు తేలింది. అది చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

మరి ఏం చేయాలి? "మానాలి" పక్షాన్ని ఆయన నోటినుంచే రానివ్వాలి. దానికి నేను ఎక్కువగా వాడే ప్రశ్న చెబుతాను. "నాన్నా, సున్నా నుంచి పది దాకా ఉందనుకోండి. సిగరెట్ మానడం మీకు ఎంత ముఖ్యమనిపిస్తోంది?" ఆయన "నాలుగు" అన్నారనుకుందాం. ఇక్కడే అందరూ జారిపోతారు. "నాలుగేనా? పది ఎందుకు కాదు?" అంటారు. అలా అడిగితే ఎందుకు ముఖ్యం కాదో ఆయన వివరిస్తారు, అంటే మీ చేతులారా వద్దనే పక్షాన్ని బలపరిచారు. మీరు అడగాల్సింది, "నాలుగన్నారు. ఒకటో, సున్నానో అనలేదేం?" అని. అప్పుడు ఆయన వెతుక్కుని చెబుతారు. "ఏముందీ, మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోంది." "మనవడు దగ్గరికొస్తే వాసనంటాడు." ఇంతే. రెండు చిన్న మాటలు. మీ యాభై ఫొటోలు చేయలేని పని ఆ రెండు మాటలు చేస్తాయి, ఎందుకంటే అవి ఆయనవి.

ఆ మాట వచ్చినప్పుడు "చూశారా, నేను చెప్పలేదూ!" అనకండి. ఈ ఒక్క మాటతో అంతా పోతుంది. ఆయన మాటనే ఆయనకు తిరిగివ్వండి. "మెట్లెక్కేటప్పుడు ఆయాసం మిమ్మల్ని కంగారు పెడుతోందన్నమాట." అని ఊరుకోండి. ఆ మౌనం కష్టంగానే ఉంటుంది. నేను శిక్షణ ఇచ్చేవాళ్ళలో ఎక్కువమందికి మాట్లాడటం కన్నా ఆ పది సెకన్లు ఊరుకోవడం నేర్పడానికే ఎక్కువ కాలం పడుతుంది.

సొంత మాటకు ఇంత బలం ఎక్కడినుంచి వస్తుందన్నదానికి సైకాలజీలో రెండు జవాబులున్నాయి. లియాన్ ఫెస్టింజర్ 1957లో చెప్పిన కాగ్నిటివ్ డిసొనెన్స్ ఒకటి. మనం చేసేదానికీ అనుకునేదానికీ పొంతన కుదరకపోతే లోపల ఒక ఇబ్బంది మొదలవుతుంది, దాన్ని తగ్గించుకోవడానికి రెంటిలో ఒకదాన్ని మార్చుకుంటాం. 1959లో ఆయన, కార్ల్‌స్మిత్ కలిసి చేసిన ప్రయోగంలో విద్యార్థుల చేత గంటసేపు విసుగెత్తించే పని చేయించి, బయట వేచి ఉన్న మనిషికి "చాలా బాగుంది" అని చెప్పమన్నారు. అలా చెప్పినందుకు కొందరికి 1 డాలరు, కొందరికి 20 డాలర్లు ఇచ్చారు. తర్వాత అడిగితే, పని నిజంగానే బాగుందన్నది 1 డాలరు తీసుకున్నవాళ్ళు. 20 డాలర్లు తీసుకున్నవాళ్ళకు తాము అబద్ధం ఎందుకు చెప్పారో స్పష్టంగా కనిపిస్తోంది. 1 డాలరు వాళ్ళకు చెప్పుకోదగ్గ కారణం లేదు, అందుకని అభిప్రాయాన్నే సర్దుకున్నారు. రెండో జవాబు డారిల్ బెమ్‌ది. మనం ఏమనుకుంటున్నామో మనకే స్పష్టంగా తెలియనప్పుడు, మన మాటల్ని, చేతల్ని బయటినుంచి చూసినట్టు చూసి, "ఓహో, నేను ఇలాంటివాణ్ణి" అని తేల్చుకుంటామంటాడు. ఈ ఇద్దరిలో ఎవరు సరైనవారన్న వాదన చాలాకాలం నడిచింది. మనకు కావలసింది మాత్రం ఇద్దరి దగ్గరా ఒకటే. గట్టి ఒత్తిడి లేకుండా తనంతట తాను అన్న మాట, చేసిన పని మనిషిలోకి దిగుతుంది.

చిన్న అడుగుతో మొదలుపెట్టడం కూడా ఇందుకే పనిచేస్తుంది. 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ కాలిఫోర్నియాలో ఇళ్ళవాళ్ళను అడిగి చూశారు. జాగ్రత్తగా బండి నడపండి అని రాసి ఉన్న పెద్ద, అందవికారమైన బోర్డును ఇంటి ముందు పెట్టుకోనిస్తారా అంటే సుమారు 17 శాతం మంది ఒప్పుకున్నారు. రెండు వారాల ముందు అదే అంశం మీద మూడంగుళాల కాగితం అంటించుకోవడానికి ఒప్పుకున్న ఇళ్ళలో మాత్రం 76 శాతం దాకా సరేనన్నారు. మీ టీమ్‌ను ఒక్కసారిగా అన్ని రిపోర్టులూ మార్చమనకుండా, వచ్చే వారం ఒక్క రిపోర్టు కొత్త పద్ధతిలో రాసి, ఎక్కడ ఇబ్బందిగా ఉందో చెప్పమనండి. ఇదే పద్ధతిని మోసగాళ్ళు కూడా వాడతారు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

భయపెట్టడం గురించి అడిగారు. ఫొటోలు ఎందుకు పనిచేయలేదన్నది మంచి ప్రశ్న. 1965లో హోవర్డ్ లెవెంథాల్, ఆయన సహచరులు అమెరికాలోని యేల్ యూనివర్సిటీ విద్యార్థులకు ధనుర్వాతం గురించి కరపత్రాలు ఇచ్చారు. కొన్ని బాగా భయపెట్టేవి, కొన్ని తక్కువగా భయపెట్టేవి. ఎక్కువ భయపడినవాళ్ళు టీకా ముఖ్యమని ఎక్కువగా ఒప్పుకున్నారు. కానీ వెళ్ళి వేయించుకున్నవాళ్ళ సంఖ్య భయాన్ని బట్టి పెరగలేదు. కొందరికి మాత్రం ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో గుర్తుపెట్టిన మ్యాపు, అది తెరిచి ఉండే వేళలు ఇచ్చి, మీ రోజులో ఎప్పుడు వెళ్ళగలరో చూసుకోమన్నారు. వాళ్ళలో సుమారు 28 శాతం మంది టీకా వేయించుకున్నారు. ఆ వివరాలు లేనివాళ్ళలో 3 శాతమే. ఆ కేంద్రం ఎక్కడుందో దాదాపు అందరికీ ముందే తెలుసు! తెలియకపోవడం వాళ్ళ ఇబ్బంది కాదు. "ఎప్పుడు, ఎలా" అన్నది తేలకపోవడమే ఇబ్బంది.

తర్వాత 1992లో కిమ్ విట్టే అనే పరిశోధకురాలు దీన్ని ఇంకాస్త స్పష్టం చేసింది. ప్రమాదం పెద్దదని తెలిసి, దాన్ని తప్పించుకునే దారి నా చేతిలో ఉందని నమ్మితే మనిషి ప్రమాదం సంగతి చూస్తాడు. దారి లేదనిపిస్తే తన భయం సంగతి చూసుకుంటాడు. అంటే చూపు తిప్పుకుంటాడు, కొట్టిపారేస్తాడు, చెప్పినవాళ్ళ మీద విసుక్కుంటాడు. మీ నాన్నగారు ఫొటోలు పక్కకు నెట్టేశారని రాశారు. దాన్ని మీరు నిర్లక్ష్యం అనుకున్నారు. నాకు అందులో చాలా భయం కనిపిస్తోంది. ఇకమీదట ఒక్క ఫొటో కూడా చూపించకండి. భయం ఆయన దగ్గర చాలినంత ఉంది. మానగలనన్న నమ్మకమే లేదు. అందుకే పది అంకెల ప్రశ్నను రెండోసారి ఇలా అడగండి: "మానాలని గట్టిగా అనుకుంటే, మానగలనన్న నమ్మకం ఎంతుంది?" ఆ అంకె మొదటిదానికన్నా చిన్నదిగా వస్తే నేను ఆశ్చర్యపోను. అప్పుడు పని చేయాల్సింది దానిమీదే. ఇంతకుముందెప్పుడైనా కొన్ని రోజులు మాని ఉంటే, ఎలా మానగలిగారో అడిగి తెలుసుకోండి. ఓటమిగా ఆయన గుర్తుపెట్టుకున్న ఆ రోజుల్లోనే ఆయనకు వచ్చిన విద్య ఉంది. నికోటిన్ గమ్, ప్యాచ్ లాంటి సాయాలు ఉన్నాయని, డాక్టర్ని అడిగి వాడుకోవచ్చని చెప్పండి. అది కూడా, "దీని గురించి నాకు తెలిసింది చెప్పనా?" అని అడిగి, ఆయన ఊ అన్నాకే.

అలా అడగడం మర్యాద కోసమని కొట్టిపారేయకండి. 2000లో ఫ్రాన్స్‌లో గెగెన్, పాస్కల్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. దారిన పోయేవాళ్ళను బస్సు కోసం చిల్లర అడిగితే 10 శాతం మంది ఇచ్చారు. అదే అభ్యర్థన చివర "ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం" అన్న మాట కలిపితే 47.5 శాతం మంది ఇచ్చారు. ప్రతిచోటా ఇంత తేడా వస్తుందని ఆశపడకండి. అయినా తర్వాత చాలా అధ్యయనాల్లో అదే దిశలో ఫలితం కనిపించింది. నేనైతే ప్రతి సంభాషణలో ఒకసారైనా "నిర్ణయం మీదే" అంటాను. అది నిజం కూడా. ఆయన వేళ్ళ మధ్యనున్న సిగరెట్‌ను మీరు ఆర్పలేరు.

ఇప్పుడు మీ టీమ్ సంగతి. రిచర్డ్ పెటీ, జాన్ కాసియోపో 1980లలో చెప్పిన సిద్ధాంతం ఇక్కడ బాగా పనికొస్తుంది. వినేవాళ్ళ మనసులోకి మాట రెండు దారుల్లో వెళ్తుందంటారు. ఒక దారిలో మనిషి వాదనను తూచి చూస్తాడు. ఇంకో దారిలో పైపై గుర్తులను చూసి తేల్చేస్తాడు. చెప్పేది పెద్ద మనిషేనా, ఎన్ని కారణాలు చెప్పాడు, స్లైడ్లు బాగున్నాయా, ఇలాంటివి. 1981లో వాళ్ళు విద్యార్థులకు, డిగ్రీ చేతికి రావాలంటే అదనంగా ఒక పెద్ద పరీక్ష పెట్టాలన్న ప్రతిపాదన వినిపించారు. అది వచ్చే ఏడాదే వస్తుందనుకున్నవాళ్ళు వాదనలో పస ఉందా లేదా అని చూశారు. పదేళ్ళ తర్వాత వస్తుందనుకున్నవాళ్ళు ఆ ప్రతిపాదన ఎవరు రాశారని చూశారు, నిపుణులు రాశారంటే ఒప్పేసుకున్నారు. తేడా అల్లా ఇది నన్ను తాకుతుందా లేదా అన్నదే. మీ టీమ్‌లో అందరూ తలూపింది రెండో దారిలో. మీరు లీడర్, ప్రజెంటేషన్ బాగుంది, సరేనన్నారు. అలా వచ్చిన ఒప్పుదల పైపైనే ఉండి త్వరగా ఆరిపోతుంది, చేతల్లోకి రాదు. కొత్త పద్ధతి వల్ల కంపెనీకి ఏం వస్తుందో చెప్పారు. వాళ్ళ శుక్రవారం సాయంత్రానికి ఏం వస్తుందో చెప్పారా?

ఇక్కడే ఒక ప్రయోగం చెప్పాలి, ఎందుకంటే "ఎవరినైనా ఒప్పించే మాట" అని మీరు విన్నది బహుశా దీనిగురించే. 1978లో ఎలెన్ లాంగర్ బృందం జెరాక్స్ మెషిన్ దగ్గర కాపీలు తీసుకోబోతున్నవాళ్ళను "ముందు నేను తీసుకోనా?" అని అడిగి చూసింది. అయిదు పేజీలకు ఉత్తినే అడిగితే 60 శాతం, తొందరలో ఉన్నానని కారణం చెబితే 94 శాతం సరేనన్నారు. "ఎందుకంటే నేను కాపీలు తీసుకోవాలి" అన్న అర్థం లేని కారణానికీ 93 శాతం ఒప్పుకున్నారు. శిక్షణ తరగతుల్లో కథను ఇక్కడే ఆపేసి, "ఎందుకంటే" అన్నది మంత్రమంటారు. ఇరవై పేజీలకు అడిగినప్పుడు ఏమైందో చెప్పరు. ఉత్తినే అడిగితే 24, అర్థం లేని కారణానికీ అదే 24, నిజమైన కారణానికి 42. పని కాస్త బరువైందంటే మనుషులు చెవులు రిక్కించి వింటారు. అప్పుడు ఉత్తుత్తి కారణాలు చెల్లవు.

మీరు ప్రజెంటేషన్‌లో కొత్త పద్ధతి వల్ల లాభాలే చెప్పారు. అదనపు శ్రమ గురించి మాట్లాడలేదు. 1945లో అమెరికా సైనికుల మీద కార్ల్ హోవ్‌లాండ్ బృందం చేసిన అధ్యయనంలో, మొదటే వ్యతిరేకంగా ఉన్నవాళ్ళ మీద రెండు వైపులా చెప్పిన ప్రసంగం ఎక్కువ పనిచేసింది. ఎక్కువ చదువుకున్నవాళ్ళ విషయంలోనూ అంతే. అప్పటికే ఒప్పుకుంటున్నవాళ్ళకు ఒకవైపు చెబితే సరిపోయింది. "మొదటి రెండు వారాలు దీనివల్ల రోజూ మీకు పావుగంట ఎక్కువే పడుతుంది" అని మీరే ముందు చెప్పేయండి. వాళ్ళ మనసులో ఉన్న అభ్యంతరం మీ నోట వింటే, మిగతా మాట వినడానికి చోటు దొరుకుతుంది.

మీ మెయిల్ మాత్రం మంచికన్నా చెడే ఎక్కువ చేసి ఉంటుంది. అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ పార్కులో సందర్శకులు శిలగా మారిన చెక్క ముక్కలు ఎత్తుకుపోతుంటారు. రాబర్ట్ చాల్దీనీ బృందం అక్కడ రెండు రకాల బోర్డులు పెట్టి చూసింది. "చాలామంది సందర్శకులు ముక్కలు తీసుకెళ్ళడం వల్ల పార్కు రూపం మారిపోతోంది" అన్న బోర్డు ఉన్నప్పుడు, గుర్తులు పెట్టి ఉంచిన ముక్కల్లో 7.92 శాతం మాయమయ్యాయి. "దయచేసి తీయకండి" అన్న తరహా బోర్డు ఉన్నప్పుడు 1.67 శాతమే. చాలామంది చేస్తున్నారని చెప్పడమంటే, బాధతో చెప్పినా సరే, అది ఇక్కడ మామూలేనని చెప్పడమే. "చాలామంది ఇంకా పాత పద్ధతిలోనే రాస్తున్నారు" అన్న మీ మాట చదివి, రాయనివాళ్ళందరూ ఊపిరి పీల్చుకుని ఉంటారు. మొదలుపెట్టినవాళ్ళు ఇద్దరే అయినా, వాళ్ళకు ఏం కలిసొచ్చిందో వాళ్ళ చేతే చెప్పించండి.

బహుమతి గురించి. ఎడ్వర్డ్ డెసీ 1971లో, లెపర్, గ్రీన్, నిస్‌బెట్ 1973లో విడివిడిగా చూపించిన సంగతిది. 1973 నాటి ప్రయోగంలో, బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్న పిల్లలకు, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి గీయించారు. కొన్నాళ్ళ తర్వాత ఆ పిల్లలు తమంతట తాము గీయడం మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. చెప్పకుండా హఠాత్తుగా ఇచ్చిన పిల్లల్లో అలా జరగలేదు. ఇష్టమైన పనికి ముందే వెల కడితే ఇష్టం తగ్గుతుంది. రిపోర్టులు రాయడం ఎవరికీ అంత ఇష్టమైన పని కాదు కాబట్టి మీ బహుమతి పెద్ద నష్టమేమీ చేయలేదు. లాభమూ చేయలేదు. డెసీ, రిచర్డ్ రయాన్ తర్వాత కట్టిన సెల్ఫ్ డిటర్మినేషన్ సిద్ధాంతం ప్రకారం నిలబడే ప్రేరణకు మూడు కావాలి. నా ఇష్టంతో చేస్తున్నానన్న భావన, చేయగలనన్న నమ్మకం, నన్ను పట్టించుకునే మనుషులున్నారన్న భరోసా. ప్రజెంటేషన్‌లో కూర్చోబెట్టారు కాబట్టి మొదటిది పోయింది. నేర్పించలేదు కాబట్టి రెండోది రాలేదు. కొత్త రిపోర్టు ఫారమ్‌లో ఏ గడులు ఉండాలో టీమ్‌నే తేల్చనివ్వండి. తేల్చడంలో చెయ్యి ఉన్నవాళ్ళకు వాడటంలో కూడా పట్టింపు ఉంటుంది.

మనిషి అవసరాలను తిండి, భద్రత మొదలుకుని మెట్లుగా పేర్చి చూపే మాస్లో పిరమిడ్ గురించి ఒక్క మాట అడిగారు. మాస్లో 1943లో అవసరాల వరస గురించి రాశాడు, పిరమిడ్ బొమ్మ మాత్రం ఆయన గీసింది కాదు. మెట్టు తర్వాత మెట్టుగా అందరూ ఎక్కుతారన్నది జీవితంలో అంత కచ్చితంగా కనిపించదు. ఒప్పించే మాటలకు దానివల్ల పెద్ద ఉపయోగం లేదు, వదిలేయండి. అలాగే వదిలేయాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. మాటకు 7 శాతమే విలువ, గొంతుకు 38, ముఖానికి 55 అనే లెక్క అందరూ చెబుతారు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి ప్రయోగాలు ఇష్టాయిష్టాలు తెలిపే విడి మాటల మీద జరిగినవి. మీ ప్రజెంటేషన్‌లో విషయం విలువ 7 శాతమేనని ఆయన అనలేదు. సినిమా తెర మీద కనిపించీ కనిపించని సందేశాలతో అమ్మకాలు పెంచానని 1957లో జేమ్స్ వికరీ చెప్పుకున్నది, 1962లో తనే ఉత్తిదని ఒప్పుకున్నాడు. నిజాలు చెబితే జనం అబద్ధాన్నే ఇంకా గట్టిగా నమ్ముతారన్న మాట కూడా ఈమధ్య బాగా వినిపిస్తోంది. వేలమంది మీద తర్వాత చేసిన పరీక్షల్లో అలా జరగడం చాలా అరుదని తేలింది. కాబట్టి నిజం చెప్పడానికి భయపడకండి. చెప్పే తీరు చూసుకోండి, అంతే.

ఇదంతా ఎదుటివాళ్ళను ఆడించడమే కదా అన్న అనుమానం మీ ప్రశ్న చివర ఉంది. ఆ అనుమానం వచ్చినందుకు సంతోషించాను. చిన్న అడుగు, సొంత మాట, నలుగురి మాట, వీటన్నిటినీ జనాన్ని దోచుకునేవాళ్ళు కూడా వాడతారు. నేను పెట్టుకున్న గీత ఒకటుంది. నేను చేస్తున్నది ఏమిటో ఆ మనిషికి ముఖం మీద చెప్పగలనా? చెప్పాక కూడా అది పనిచేస్తుందా? "నాన్నా, ఇన్నాళ్ళూ నేనే మాట్లాడాను. ఇప్పుడు మీ మాట వినాలనుకుంటున్నాను" అని మీరు చెప్పగలరు. చెబితే ఇంకా బాగా పనిచేస్తుంది. లేని కొరత ఉందని చెప్పి తొందరపెట్టేవాడు ఆ సంగతి పైకి చెప్పలేడు. ఇంకొకటి కూడా చూసుకుంటాను. ఆయన కాదంటే ఆ "కాదు"ను నేను తీసుకోగలనా? తీసుకోలేకపోతే నేను అడగడం లేదు, తోస్తున్నాను.

ఇక ఈ వారం సంగతి. ఆయన సిగరెట్ కాలుస్తున్నప్పుడో, దగ్గుతున్నప్పుడో మాట ఎత్తకండి. ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, ముందు మీ తప్పు ఒప్పుకోండి: "ఇన్నాళ్ళూ మిమ్మల్ని చాలా విసిగించాను. మానడం, మానకపోవడం మీ ఇష్టం. మీకేమనిపిస్తోందో ఒకసారి వినాలనుంది." సిగరెట్‌లో ఆయనకు నచ్చేదేమిటో ముందు అడగండి. నిజంగా వినండి. తర్వాత పది అంకెల ప్రశ్న. ఆయన చెప్పిన కారణాలన్నీ చివర్లో ఒకసారి కూడగట్టి చెప్పి, "మరి ఏం చేద్దామనుకుంటున్నారు?" అని ఆగండి. "ఇప్పుడే కాదు" అంటే, "సరే నాన్నా" అని రెండు వారాలు ఆ ఊసే ఎత్తకండి. ఆ రెండు వారాలు మీకు కష్టంగా ఉంటుంది, ఆయనకు మాత్రం తన మాటలతో తాను ఒంటరిగా కూర్చునే అవకాశం దొరుకుతుంది.

ఎప్పుడో ఒకరోజు ఆయనే తారీఖు చెబితే, "మానేస్తాను" అన్న మాట దగ్గర ఆగిపోకండి. సైకాలజిస్టు పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనల్లో మళ్ళీ మళ్ళీ తేలిందేమిటంటే, "ఫలానా సమయం వస్తే ఫలానా పని చేస్తాను" అని ముందే కట్టుకున్న ఏర్పాటు, ఉత్త సంకల్పం కన్నా బాగా నిలుస్తుంది. పొద్దున్న మొదటి సిగరెట్ వేళకు ఏం చేస్తారు? స్నేహితుడు పెట్టె ముందుకు చాచితే ఏమంటారు? ఒకవేళ ఒకటి కాల్చేస్తే ఆ సాయంత్రం ఎవరికి చెబుతారు? ఈ మూడింటికీ జవాబులు ఆయన్నే చెప్పనివ్వండి, ఆయన చేత్తోనే కాగితం మీద రాయనివ్వండి. మూడో ప్రశ్నకు జవాబుగా ఆయన మీ పేరు చెబితే, ఆ సాయంత్రం ఆయన వచ్చి చెప్పినప్పుడు మీరు అడగాల్సింది "ఎందుకు కాల్చారు?" అని కాదు, "అప్పటిదాకా ఎలా ఆగగలిగారు?" అని.